మలుపులో తెలిసే బలం

జంషెడ్‌పూర్ వాసులకు ఇనుమును గురించి కొత్తగా చెప్పవలసినది ఏమీ లేదు. 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మెను పోత పోసింది. 1945లో రైలింజన్ల కోసం ఆరంభమైన టెల్కో 1954 నుంచి లారీలను నిర్మించసాగింది. చక్రాల బేరింగులకు ప్రపంచప్రసిద్ధమైన టిమ్కెన్ సంస్థ 1987లో టాటాలతో కలిసి ఈ నగరానికే వచ్చింది. ఖర్కయీ నది అవతల ఆదిత్యపురంలోనూ, ఆ పైన సరాయికేలా ప్రాంతంలోనూ లారీల ఇరుసు భాగాలను సాగగొట్టే ఫోర్జింగు కర్మాగారాలు వరుసగా వెలసినవి.

నది ఇవతల ఉన్నది కద్మా. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారం పనికి వలస వచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ పేట చిరపరిచితం. ఆంధ్ర డ్రమటిక్ అండ్ లిటరరీ సొసైటీ పేరు మీద నడిచే పాఠశాల కూడా ఇక్కడే ఉన్నది. తాత కొలిమి దగ్గర, తండ్రి లేతు దగ్గర, కొడుకు కంప్యూటరు దగ్గర పని చేసిన ఇళ్ళు ఇక్కడ అరుదు కావు.

అటువంటి ఇంటిలో ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. ఇంజనీరింగు చదువుకున్నాడు. కళాశాల విద్యార్థులు సొంతంగా బండ్లు కట్టి పందేలలో నడిపే 'బాజా' పోటీలు మన దేశంలో 2007లో పీథంపూర్‌లో ప్రారంభమైనప్పటి నుంచి, కారును స్వయంగా కట్టాలనే కోరిక ఎందరికో కలిగినట్లే అతనికీ కలిగింది. ఇనుప గొట్టాలు అతికి చట్రం తయారు చేశాడు. ఇంజను వెనుక అమర్చదలచాడు. ఇద్దరు కూర్చునే చిన్న బండి. మనుషులతో కలిపి 600 కిలోల లోపు ఉండాలని లెక్క. చట్రం పూర్తయిన తరువాత అతని పని ఆగిపోయింది. ముందు చక్రాన్ని దేనికి తగిలించాలి?

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. చక్రానికీ చట్రానికీ నడుమ నిలువుగా ఒక లోహపు భాగం ఉంటుంది. ఆంగ్ల గ్రంథాలలో దాని పేరు 'అప్‌రైట్'. మన మెకానిక్కులు 'నకిల్' అంటారు. పై నుంచీ కింది నుంచీ సస్పెన్షను చేతులు వచ్చి దీనినే పట్టుకుంటవి. స్టీరింగు కడ్డీ వచ్చి దీనినే తిప్పుతుంది. బ్రేకు కాలిపరు దీని మీదనే బిగుసుకుంటుంది. చక్రం తిరిగే హబ్బు, ఆ హబ్బును మోసే బేరింగు దీనిలోనే ఉంటవి. బండికి సంబంధించిన నాలుగు శాస్త్రాలు అరచేయి వెడల్పు స్థలంలో కలుసుకునే కూడలి ఇది. ఇక్కడ పొరపాటు జరిగితే ఇంజను ఎంత మంచిదైనా, రంగు ఎంత అందమైనదైనా ఉపయోగం లేదు. చక్రం బండిని విడిచిపోతుంది.

ఉక్కునగరంలో ఈ భాగానికి లోటు ఉండదనుకోవడం సహజం. అయితే ఇక్కడి కర్మాగారాలు వేల సంఖ్యలో తయారు చేస్తవి. రెండే కావలసిన వానికి దారి పాత బండ్ల విడిభాగాల దుకాణమే. ప్రపంచంలో ఎక్కడైనా ఇంట్లో కారు కట్టేవారి అనుభవం ఇదే. ఇంగ్లాండులో కోలిన్ చాప్‌మన్ నెలకొల్పిన లోటస్ సంస్థ 1957లో 'సెవెన్' అనే తేలికపాటి కారును విడిభాగాల రూపంలో అమ్మసాగింది. కొన్నవారు ఇంటి వద్ద బిగించుకునేవారు. 1960లో వచ్చిన దాని రెండవ శ్రేణిలో ముందు చక్రాల నకిళ్ళు సామాన్య కుటుంబాలు వాడే ట్రయంఫ్ హెరాల్డ్ కారువి. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఉపాధ్యాయుడు అతి తక్కువ ఖర్చుతో స్పోర్ట్స్ కారు కట్టే విధానాన్ని పుస్తకంగా వెలువరించినప్పుడు, ఆయన కూడా పాత ఫోర్డు కార్ల భాగాలనే ఆధారం చేసుకున్నారు. సామాన్యమైన కారు నుంచి తీసుకున్న నకిల్ లక్షల మైళ్ళ పరీక్షలో నెగ్గి వచ్చినది. ఇంట్లో తయారు చేసినది ఆ పరీక్షను మొదటిసారి రహదారి మీదనే వ్రాస్తుంది.

హెరాల్డ్ కథ మనకు పరాయిది కాదు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ సంస్థ 1961 నుంచి అదే కారును 'స్టాండర్డ్ హెరాల్డ్' పేరుతో మన దేశంలో నిర్మించింది. దాని ముందు చక్రపు నిలువు లంకె సన్ననిది. పైన గోళాకారపు కీలు. కింద మరలు చుట్టిన కంచు దిమ్మె. ఆ మరలలో నూనె ఉన్నంత కాలం అది నమ్మకంగా తిరిగేది. గ్రీజు సరిపోతుందనుకున్నవారికి, నూనె పోయడం మరచిన వారికి లంకె మరల దగ్గరే విరిగి చక్రం పక్కకు పడిపోయేది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత ఎద్దుల బండిని చూసి పుట్టినది. హెరాల్డు యజమానులకు ఆ సంగీతం కూడా ముందుగా వినిపించేది కాదు.

మన యువకుడు ఈ చరిత్ర చదువుకున్నవాడే. అంబాసిడర్ భాగాలు బలమైనవే గాని చిన్న బండికి మరీ బరువు; ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు ముందే కనుమరుగైంది. చివరకు ఒక కబాడీ దుకాణంలో మారుతి 800 ముందు నకిళ్ళ జత దొరికింది. 1983 డిసెంబరు నుంచి 2014 వరకు నడిచిన కారు కాబట్టి దాని భాగాలు ఏ ఊరిలోనైనా లభిస్తవి. తేలికైనవి, చవక, డిస్కు బ్రేకు సహితం. సంతోషంగా ఇంటికి తెచ్చి శుభ్రం చేశాడు. మారుతిలో ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది గనుక హబ్బు మధ్య నుంచి డ్రైవ్ షాఫ్టు ఒకటి వచ్చి ఉన్నది. తన బండిలో ఇంజను వెనుక ఉంటుంది. ముందు చక్రాలకు షాఫ్టుతో పని లేదు. కాబట్టి దానిని ఊడదీసి పక్కన పడవేశాడు.

సాయంకాలం మేనమామ వచ్చాడు. లారీల కర్మాగారంలో ఫిట్టరుగా పని చేసి పదవీ విరమణ చేసిన మనిషి. బల్ల మీది నకిల్‌ను చేతిలోకి తీసుకుని, వేలితో హబ్బు మధ్యనున్న రంధ్రాన్ని తడిమి చూశాడు.

"ఏరా అబ్బాయ్, ఇందులో షాఫ్టు ఏదీ?"

"దానితో మనకేం పని మావయ్యా? ముందు చక్రాలకు ఇంజను లేదుగా."

"ఇంజను లేదు సరే. మరి ఈ హబ్బును బేరింగులో పట్టుకున్నది ఎవరు?"

యువకుడు సమాధానం చెప్పలేకపోయాడు. ఆ ప్రశ్నలోనే అతని ప్రాణం, పక్క సీటులో కూర్చునే వాని ప్రాణం ఇమిడి ఉన్నవి.

ముందు చక్రాల ద్వారా నడిచే కారులో డ్రైవ్ షాఫ్టు చేసే పనులు రెండు. చక్రాన్ని తిప్పడం ఒకటి. రెండవది ఎవరూ గమనించనిది: షాఫ్టు చివర ఉండే పెద్ద నట్టు హబ్బునూ, బేరింగు లోపలి రింగులనూ, షాఫ్టు భుజాన్నీ ఒకే కట్టగా బిగిస్తుంది. ఆ బిగింపు వల్లనే బేరింగులోని గోళీల వరుసలు తమ తమ స్థానాలలో నిలుస్తవి. షాఫ్టు తీసివేస్తే హబ్బు కేవలం ప్రెస్సులో ఎక్కించిన బిగువు మీద ఆధారపడి ఉంటుంది. చేతితో తిప్పితే చక్కగా తిరుగుతుంది. పది గజాలు నడిపినా తేడా తెలియదు. మలుపులో పక్కబలం తగలగానే రింగులు విడివడి, హబ్బు చక్రంతో సహా కొద్ది కొద్దిగా బయటకు జరగడం మొదలుపెడుతుంది.

ఇటువంటి నకిల్‌ను ఇంజను శక్తి లేని చోట వాడదలచినవారు షాఫ్టు చివరి కీలు భాగాన్ని మాత్రం ఉంచి, మిగిలినది తొలగించి, అదే నట్టును కారు తయారీదారు నిర్దేశించిన బిగువుతో బిగించవలె. లేదా ఇంజను శక్తి అందని ముందు చక్రాలు గల కారు నుంచే నకిల్ తీసుకోవలె. 1984లో వచ్చిన మారుతి వ్యాన్, అంటే తరువాతి ఓమ్ని, వెనుక చక్రాల మీద నడిచేది. టాటా నానోలోనూ ఇంజను వెనుకనే ఉన్నది. వాటి ముందు హబ్బులు షాఫ్టు సహాయం లేకుండానే నిలిచేటట్లు రూపొందించబడినవి.

"బండి 600 కిలోలే గదా మావయ్యా. చక్రానికి 150. బేరింగుకు అదేమంత బరువు?" అని యువకుడు తన సందేహం వెలిబుచ్చాడు.

మేనమామ నవ్వి, "ఇంటి ముందు నిలబెట్టుకునే బండికైతే ఏ బేరింగయినా చాలు. మలుపు తిరిగేటప్పుడు ఎంతో, ఆ లెక్క వేయి" అన్నాడు.

ఆ లెక్కను పాఠకులు కూడా వేసి చూడవచ్చు. కూడిక, గుణకారం తెలిస్తే చాలు. బండి 600 కిలోలు. నిలిచి ఉన్నప్పుడు ఒక్కొక్క చక్రం మీద 150. చక్రానికి రెండు బేరింగులు అనుకుంటే ఒక్కొక్కదానికి 75 కిలోలు. ఇంతవరకు యువకుడు చెప్పినది నిజమే. ఇప్పుడు బండి వేగంగా మలుపు తిరుగుతున్నదని అనుకుందాం. మంచి టైర్లున్న కారు పొడి రోడ్డు మీద తన బరువులో 80 శాతానికి సమానమైన పక్కబలాన్ని పుట్టించగలదు. అప్పుడు లోపలి వైపు చక్రాల మీది బరువు తగ్గి బయటి వైపు చక్రాల మీదికి మారుతుంది. బండి గరిమనాభి నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లుగా తీసుకుంటే, బయటి ముందు చక్రం మీద సుమారు 233 కిలోలు పడుతుంది. ఆ చక్రం దగ్గర టైరును నేల పక్కకు నెట్టే బలం 233లో 80 శాతం, అంటే 186 కిలోలు.

అసలు సంగతి ఇక్కడ ఉన్నది. ఆ 186 కిలోలు బేరింగు దగ్గర తగలడం లేదు. బేరింగుకు 28 సెంటీమీటర్ల కింద, టైరు నేలను తాకే చోట తగులుతున్నది. చక్రం మొత్తం ఒక గునపం వలె పని చేసి హబ్బును వంకర తిప్పజూస్తుంది. ఆ వంపును ఆపవలసినవి రెండు బేరింగులు. వాటి మధ్య దూరం 6 సెంటీమీటర్లయితే, 186ను 28తో గుణించి 6తో భాగించగా ఒక్కొక్క బేరింగు మీద 868 కిలోలు. చక్రపు నిలువు బరువులో సగం లోపలి బేరింగు దగ్గర దీనికి తోడవుతుంది. బయటి దాని దగ్గర తీసివేత అవుతుంది. కడకు లోపలి బేరింగు మోసేది సుమారు 985 కిలోలు.

నిలిచి ఉన్నప్పుడు 75 కిలోలు మోసిన బేరింగు, మలుపులో దానికి పదమూడు రెట్లు మోస్తున్నది. బండి మొత్తం బరువు కంటే అది ఎక్కువ. అనేక కార్లలో లోపలి బేరింగు బయటి దాని కంటే పెద్దదిగా ఉండడానికి ఈ లెక్క ఒక ముఖ్య కారణం. కాబట్టి బేరింగును ఎన్నుకునేవాడు బండి బరువు ఒక్కటే చూస్తే చాలదు. చక్రం ఎంత పెద్దది, బేరింగుల మధ్య ఎంత ఎడం ఉన్నది, చక్రపు మధ్యరేఖ ఆ ఎడానికి ఎంత దూరంలో ఉన్నది అనే మూడు సంగతులు చూడవలె. అందానికని వెడల్పైన టైర్లు, బయటికి పొడుచుకు వచ్చిన చక్రాలు బిగించేవారు మూడవ సంగతిని విస్మరిస్తారు.

యువకుడు కాగితం మీద మరొక లెక్క వేశాడు. బేరింగుల ఎడం 6 నుంచి 3 సెంటీమీటర్లకు తగ్గితే? వంపు వల్ల కలిగే భారం రెట్టింపై 1,736 కిలోలు అవుతుంది. భారం రెట్టింపయితే బేరింగు ఆయుర్దాయం సగం అవుతుందని అనుకోవడం పొరపాటు. స్వీడన్ శాస్త్రవేత్తలు లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ 1947లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, గోళీల బేరింగు ఆయువు భారపు ఘనాన్ని అనుసరించి తగ్గుతుంది. భారం రెండింతలయితే ఆయువు ఎనిమిదో వంతు. రోలరు బేరింగులో దాదాపు పదో వంతు.

బేరింగుల పట్టికలలో కనిపించే భారపు అంకెకు అర్థం కూడా తెలుసుకోదగినది. ఆ భారం కింద నూరు బేరింగులను తిప్పితే, పది లక్షల చుట్లు పూర్తయ్యే సరికి తొంభై నిలుస్తవి, పది పాడవుతవి అని దాని తాత్పర్యం. 28 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల చక్రం పది లక్షల చుట్లు తిరిగితే బండి నడిచే దూరం 1,760 కిలోమీటర్లు మాత్రమే. కద్మా నుంచి విశాఖపట్నం వెళ్ళి వచ్చేసరికే అందులో చాలా భాగం ఖర్చయిపోతుంది. పట్టికలోని అంకెను చూసి, నా బండి అంతకంటే తేలిక గదా అని తృప్తి పడినవాడు ఎంత తక్కువ భరోసాతో బయలుదేరుతున్నాడో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఈ వంపు సమస్యకు ఒక చక్కని సమాధానం నూటపాతికేళ్ళ క్రితమే లభించింది. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో గుర్రపు బగ్గీలు తయారు చేసే హెన్రీ టిమ్కెన్, మలుపులలో బగ్గీ ఇరుసుల మీద పడే పక్కబలాన్ని గమనించి, 1898లో టేపరు రోలరు బేరింగుకు పేటెంటు పొందాడు. ఇందులో గోళీలకు బదులు ఒక కొన సన్నగా ఉండే శంకువు ఆకారపు రోలర్లు ఉంటవి. అన్ని రోలర్ల రేఖలనూ పొడిగిస్తే ఇరుసు మధ్యరేఖ మీద ఒకే బిందువు దగ్గర కలుస్తవి. అందువల్ల రోలర్లు జారక దొర్లుతవి. నిలువు బరువునూ పక్కబలాన్నీ ఏకకాలంలో మోస్తవి. ముందు హబ్బులో ఇటువంటివి రెండు, సన్నని కొసలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేటట్లు అమర్చుతారు. అప్పుడు భారపు రేఖలు బేరింగుల కంటే వెలుపలికి విస్తరిస్తవి. గాలివానలో మనిషి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడినట్లు హబ్బు నిలబడుతుంది. బగ్గీ ఇరుసుకు పుట్టిన ఆ బేరింగును తయారు చేసే సంస్థ నేడు జంషెడ్‌పూర్‌లో కర్మాగారం నడుపుతున్నది.

టేపరు బేరింగుకు ఉన్న గుణమూ దోషమూ ఒకటే: దానిని బిగించేవాని చేయి మీద ఆధారపడుతుంది. నట్టును అతిగా బిగిస్తే రోలర్లు వేడెక్కి కాలిపోతవి. వదులుగా ఉంచితే చక్రం ఊగులాడి రింగులను కొట్టుకుంటుంది. హబ్బును తిప్పుతూ నట్టు బిగించి, రోలర్లు కుదురుకున్న తరువాత కొద్దిగా వెనక్కు తిప్పి, చక్రం స్వేచ్ఛగా తిరుగుతూ వేలికి తెలిసీ తెలియనంత ఆట మిగిలినప్పుడు కాటర్ పిన్ను వేయడం సామాన్య పద్ధతి. ప్రతి బండికి తయారీదారు చెప్పిన ఖచ్చితమైన కొలత వేరుగా ఉంటుంది. ఎద్దుల బండి ఇరుసు చివర చీలకు ఉన్న ప్రాధాన్యమే ఇక్కడ ఆ చిన్న పిన్నుకూ ఉన్నది. ఒకసారి వంచి తీసినదానిని మళ్ళీ వాడడం పొదుపు అనిపించుకోదు.

ఇటీవలి కార్లలో ఈ బాధ్యతను మెకానిక్కు చేతి నుంచి తప్పించారు. బేరింగు, హబ్బు, బిగించే అంచు అన్నీ కర్మాగారంలోనే ఒకే ముద్దగా కూర్చి, ఆట సరిచేసి, గ్రీజు నింపి, మూత వేసి పంపుతారు. నకిల్‌కు కొన్ని బోల్టులతో తగిలిస్తే పని పూర్తి. సొంతంగా నకిల్ మరపట్టించుకునేవారికి ఇది అనుకూలం; బేరింగు కూర్చునే గుంటను మైక్రోమీటరు సూక్ష్మతతో కోయవలసిన అవసరం తప్పుతుంది. అయితే ఇందులో కూడా షాఫ్టు బిగింపు మీద ఆధారపడినవి, ఆధారపడనివి అని రెండు తెగలున్నవి. కొనేముందు ఏ తెగదో తెలుసుకొనవలె.

యువకుని మనస్సులో మరొక ఆలోచన మెదలుతూనే ఉన్నది. పాత కారు నకిళ్ళు బరువు. ఇనుప పలకలు కోసి అతికి తేలికైన నకిల్ తానే తయారు చేసుకోరాదా? ఆదిత్యపురంలో లేతులకు కొదువ లేదు గదా.

చేసుకోవచ్చు. చేసినవారూ ఉన్నారు. అయితే లోహానికి ఒక గుణమున్నది. ఒక్కసారి మోసిన బరువును లక్షసార్లు మోయగలదన్న హామీ అది ఇవ్వదు. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వర్సాయి నుంచి పారిస్‌కు వస్తున్న రైలింజను ఇరుసు నడి దారిలో విరిగింది. మంటలు చెలరేగి యాభైమందికి పైగా మరణించారు. నిన్నటి వరకు నిక్షేపంగా నడిచిన ఇరుసు నేడు ఎందుకు విరిగిందని యూరప్ ఇంజనీర్లు తలలు పట్టుకున్నారు. తరువాతి దశాబ్దాలలో జర్మనీకి చెందిన ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులను ఏళ్ళ తరబడి పరీక్షించి, మాటిమాటికి మారే భారం కింద లోహం అలసిపోతుందనీ, మందం హఠాత్తుగా మారే మూలల దగ్గర ఆ అలసట వేగంగా పెరుగుతుందనీ నిరూపించాడు. ఇంటి నకిల్‌లో పలక పలకను కలిసే ప్రతి అతుకూ అటువంటి మూలయే. ఇరుసు భుజం దగ్గర గుండ్రని వంపు ఇవ్వక పదునైన మూల కోసిన లేతు పనివాడు, తెలియకనే పగులుకు పునాది వేస్తాడు.

పోటీలలో పాల్గొనే కళాశాల జట్లు అల్యూమినియం దిమ్మెల నుంచి నకిళ్ళు మరపట్టించుకుంటవి. కాని అవి కంప్యూటరు మీద ఒత్తిడుల లెక్క వేస్తవి. పోటీ నిర్వాహకులు బండిని పరీక్షిస్తారు. ఆ బండ్లు ఏడాదికి నడిచే దూరమూ స్వల్పమే. ప్రతి పరుగు తరువాత పగుళ్ళ కోసం వెదికే ఓపిక ఉన్నవానికే ఆ దారి.

చివరకు మామా అల్లుళ్ళు ఒక నిర్ణయానికి వచ్చారు. ఓమ్ని వ్యాన్ ముందు భాగాన్ని నకిల్, హబ్బు, బ్రేకు, చక్రం, స్ట్రట్టు, కింది చేయి సహితంగా ఒకే బండి నుంచి తీసుకోవాలి. ఎనిమిది మంది కూర్చునే వ్యాన్‌ను మోసినవి గనుక రెండు సీట్ల బండికి వాటి బలం చాలునా అన్న చింత లేదు. బేరింగులు మాత్రం పాతవి వాడరాదు. బిల్లుతో, నమ్మకమైన దుకాణంలో కొత్తవి కొనాలి. ప్రసిద్ధ సంస్థల పేరుతో నకిలీ బేరింగుల వ్యాపారం సాగుతూనే ఉన్నది గనుక, చవకదనమే అనుమానించదగిన విషయం.

ఒక కారు నకిల్, మరొక కారు హబ్బు, మూడవదాని బ్రేకు కలిపితే ఏమవుతుందని పాఠకులు అడగవచ్చు. కొలతలు కుదిరినట్లే కనిపిస్తవి. బ్రేకు డిస్కు రెండు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. దానికి వాషరు వేస్తారు. స్టీరింగు చేయి వెనుకకు బదులు ముందుకు కావాలని ఎడమ నకిల్‌ను కుడి వైపున బిగిస్తారు. 1817లో మ్యూనిక్ నగరపు బండ్ల నిర్మాత లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టగా, మరుసటి ఏడాది లండన్‌లో ఆకర్‌మన్ పేటెంటు పొందిన నియమం ఒకటున్నది: మలుపులో లోపలి చక్రం బయటి దాని కంటే ఎక్కువ తిరగాలి. నకిళ్ళను తారుమారు చేస్తే ఆ నియమం తలకిందులై, ప్రతి మలుపులోనూ టైర్లు నేల మీద ఈడ్చుకుపోతవి. ఒక సర్దుబాటు మరొక సర్దుబాటును కోరుతుంది. ఒకే కుదురు నుంచి వచ్చిన భాగాల మధ్య ఈ లెక్కలన్నీ ఎవరో ఒకసారి జాగ్రత్తగా వేసి ఉంచారు.

బేరింగును ఎక్కించే రోజున మేనమామ దగ్గరుండి చేయించాడు. యువకుడు సుత్తి అందుకోగానే వారించాడు. బయటి రింగును గుంటలోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదనే ఉండాలి. లోపలి రింగును షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదనే ఉండాలి. పొరపాటున రెండవదాని మీద కొడితే ఆ దెబ్బ గోళీల గుండా ప్రయాణించి, రింగు బాటలో కంటికి కనిపించని గుంటలు పొడుస్తుంది. కొత్త బేరింగు మొదటి రోజునే పాడైపోతుంది. గ్రీజు విషయంలోనూ అతి పనికిరాదు. రోలర్ల సందులన్నీ నిండాలి. హబ్బులోని ఖాళీలో మూడో వంతు నుంచి సగం వరకు చాలు. పూర్తిగా దట్టిస్తే గ్రీజు చిలకబడి వేడెక్కి కారిపోతుంది.

ఇక పరీక్ష. సొంత కారు ఉన్న ప్రతివారూ చేసుకోదగినది ఇది. చక్రాన్ని జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట కనిపిస్తే మరొకరిని బ్రేకు తొక్కమనాలి. బ్రేకు తొక్కగానే ఆట మాయమైతే దోషం బేరింగులో ఉన్నది. అలాగే ఉంటే కీలు అరిగినది. పక్కలు పట్టుకుని ఊపినప్పుడే ఆట ఉంటే స్టీరింగు లంకెలను అనుమానించాలి. బండి నడుస్తుండగా వేగంతో పాటు పెరిగే గుయ్యిమనే శబ్దం, ఎడమకు తిరిగినప్పుడు హెచ్చితే సాధారణంగా కుడి బేరింగుది; కుడికి తిరిగినప్పుడు హెచ్చితే ఎడమది. ఏ మలుపులో ఏ చక్రం మీదికి బరువు మారుతుందో పైన లెక్కలో చూశాము గనుక కారణం వివరించనక్కరలేదు.

ఈ బండి నంబరు ప్లేటుతో కద్మా వీధులలో తిరుగుతుందా? కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 126వ నియమం ప్రకారం తయారీదారు తన వాహన నమూనాను పుణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి అధీకృత సంస్థలో పరీక్ష చేయించవలె. ఒక్క బండి కట్టుకున్నవానికి ఆ మార్గం దాదాపు మూసుకున్నట్లే. కాబట్టి అతని బండికి తగిన చోటు ప్రైవేటు స్థలమో, పందెపు బాటో. ఈ నిబంధనను ఉత్సాహానికి ఆటంకంగా భావించేవారున్నారు. 985 కిలోల లెక్క వేసినవాడికి, ఎదురుగా వచ్చే సైకిలు మనిషి ఆ బేరింగును ఎన్నుకోలేదన్న సంగతి తోచకపోదు.

మొదటి పరుగుకు ముందు యువకుడు హబ్బు మూత వేయబోయాడు. మేనమామ ఆపి, కాటర్ పిన్ను కొసలు రెండూ సరిగా విడదీసి వంచాడో లేదో వేలితో తాకి చూశాడు.

"నేను చూశాను మావయ్యా" అన్నాడు యువకుడు.

"చూశావు. నేను కూడా చూస్తాను. నలభై ఏళ్ళు మాకు అదే పని" అని ఆయన రెండవ చక్రం వైపు నడిచాడు.